అపు గొడవ: గల్లా వెనక నుంచి చూస్తే

ప్రశ్న: అమెరికా టీవీ కార్టూన్ ‘సింప్సన్స్’లో కొట్టు నడిపే ఇండియా పాత్ర అపు. 2018లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో అపు ప్రస్తావన ఒక్క నిమిషం కూడా ఉండదు. అయినా అభిమానులు అంతగా ఎందుకు చీలిపోయారు? అమెరికాలో పెరిగిన తెలుగువాళ్ళు దాన్ని ఎలా చూశారు? ఇప్పుడు చూడదగ్గదేనా?

తెలుగువాళ్ళందరి తరఫునా మాట్లాడమని నన్నెవరూ నియమించలేదు. అయినా ఈ ప్రశ్నను చూసీ చూడనట్టు వదిలి పోబుద్ధి కాలేదు. నా హైస్కూలు చదువంతా న్యూజెర్సీలో హైవే పక్కన ఒక పెట్రోలు బంకు కొట్టులో సాగింది. గల్లా వెనక పాల డబ్బాల క్రేటు బోర్లించి, దాని మీద కూర్చుని చదువుకున్నాను. గల్లా ముందు నిలబడింది మా నాన్న. కాబట్టి ఈ విషయంలో పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లో వ్యాసాలు రాసినవారికన్నా నాకే ఎక్కువ తెలుసని నా గట్టి నమ్మకం.

ఆ ఎపిసోడ్ 2018 ఏప్రిల్ 8న వచ్చింది. మార్జ్ తను చిన్నప్పుడు ఎంతో ఇష్టపడ్డ పాత కథల పుస్తకం తెచ్చి కూతురు లీసాకు చదివి వినిపించబోతుంది. తీరా చూస్తే పేజీ పేజీకీ జాతి అహంకారమే. కూర్చుని ఆ భాగాలన్నీ తీసేసి తిరగరాస్తుంది. ఇప్పుడు కథలో తప్పులు లేవు, కథా లేదు. అప్పుడు లీసా మనవైపు తిరిగి, దశాబ్దాల కిందట అందరూ మెచ్చుకున్నది, ఎవరినీ నొప్పించనిది ఇవాళ తప్పయిపోతే ఏం చేయగలం అంటుంది. మంచం పక్కన అపు ఫొటో, దాని మీద అపు సంతకం. కొన్నిటి సంగతి తరువాత చూద్దామంటుంది తల్లి. అసలంటూ చూస్తే, అంటుంది కూతురు. ఇద్దరూ ఏ భావమూ లేకుండా కెమెరా వైపు చూస్తారు. అంతే.

ఇది గాలిలోంచి ఊడిపడిన సన్నివేశం కాదు. అంతకు ఐదు నెలల ముందు, 2017 నవంబరులో, హరి కొండబోలు తీసిన ‘ద ప్రాబ్లమ్ విత్ అపు’ అనే డాక్యుమెంటరీ అమెరికా టీవీలో వచ్చింది. తెలుగు కుటుంబంలో పుట్టి న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన హాస్య కళాకారుడతను. 1990 నుంచీ అపుకు గొంతునిచ్చింది తెల్లజాతి నటుడు హాంక్ అజారియా. ఆ గొంతుతో బళ్ళలో మమ్మల్ని ఏడిపించారు, దాని సంగతి ఏమిటి అన్నది హరి ప్రశ్న. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య అధిపతి, అంటే సర్జన్ జనరల్‌గా పనిచేసిన వివేక్ మూర్తి కూడా ఆ చిత్రంలో కనిపించి తన బడి రోజుల అనుభవం చెప్పారు. అజారియా మాత్రం అందులో మాట్లాడడానికి ఒప్పుకోలేదు. దానికి ఆ కార్యక్రమం వాళ్ళు ఇచ్చిన జవాబు లీసా మంచం పక్కనున్న ఆ ఫొటో.

ఇక చీలిక సంగతి. ఒక వర్గం చప్పట్లు కొట్టింది. పాత కార్టూన్లలో తప్పులు వెతికేవాళ్ళకు తగిన శాస్తి జరిగిందన్నారు. ఇంకో వర్గం నొచ్చుకుంది. అడిగిన ప్రశ్న ఒకటి, చెప్పిన జవాబు ఇంకొకటి అన్నారు. హరి కూడా ఆ మాటే అన్నాడు. మధ్యలో మూడో వర్గం ఉంది, దాని గురించి ఎవరూ రాయరు. వాళ్ళు ఆ ఎపిసోడ్ మొత్తం చూసి, ఇందులో ఒక్క చోట కూడా నవ్వు రాలేదేమిటని మాత్రమే అడిగారు. నా ఓటు వాళ్ళకే.

చీలిక ప్రేక్షకుల్లోనే ఉందనుకోకండి. ఆ కార్యక్రమానికి సృష్టికర్త మాట్ గ్రోనింగ్ ఆ నెలలోనే ఒక పత్రికతో, మనోభావాలు దెబ్బతిన్నట్టు నటించడం జనానికి సరదా అయిపోయిన కాలమిదని అన్నాడు. అదే నెలలో అజారియా స్టీఫెన్ కోల్బేర్ రాత్రిపూట నడిపే టీవీ ముచ్చట్ల కార్యక్రమానికి వచ్చి, అవసరమైతే తాను తప్పుకుంటానని, కథలు రాసే గదిలో దక్షిణాసియా రచయితలు కూర్చోవాలని చెప్పాడు. సృష్టించినవాడు ఒక మాట, గొంతునిచ్చినవాడు ఇంకో మాట అంటుంటే ఇళ్ళలో సోఫాల మీద కూర్చున్న అభిమానులు ఒక్కటిగా ఉంటారా?

నా కోపం అపు ఫొటో మీద కాదు. లీసా మీద, లేదా లీసా చేత ఆ మాట అనిపించిన రచయితల మీద. 1995లో లీసా మాంసం మానేసిన ఎపిసోడ్ గుర్తు తెచ్చుకోండి. ఊరంతా ఆ పిల్లను వెక్కిరిస్తుంటే చేరదీసినవాడు అపు. తన కొట్టు పైకప్పు మీదున్న తోటకు తీసుకెళ్ళి, అక్కడ బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్నీ దంపతుల ఎదుట కూర్చోబెట్టి, నీ నమ్మకం నీదే, ఎదుటివాళ్ళను కూడా కాస్త సహించు అని నెమ్మదిగా చెప్పినవాడు అపు. ఆ పిల్ల నోటితోనా ఈ మాట అనిపించేది? లీసా తండ్రి హోమర్ చేత అనిపించి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు, హోమర్ మూర్ఖుడు కాబట్టి. ఊళ్ళో అన్యాయం ఎక్కడ జరిగినా ముందు చెయ్యెత్తే పిల్లను తెచ్చి, చేసేదేముంది అనిపించారు. పాత్రల మీద ప్రేమ ఉన్న అభిమాని దీన్ని క్షమించడు. జాతి వివక్ష చర్చ పక్కన పెట్టినా, రచన పరంగానే అది సోమరి పని.

ఇప్పుడు మా కొట్టు సంగతి చెబుతాను. అసలు రాయాలనుకున్నది ఇదే.

న్యూజెర్సీలో పెట్రోలు ఎవరి బండికి వారు పట్టుకోవడానికి వీల్లేదు, 1949 నుంచీ చట్టం అదే. అందుకని బయట పంపుల దగ్గర ఒక పంజాబీ కుర్రాడు ఉండేవాడు, లోపల నాన్న. నాన్న తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి. మా మేనత్త పెట్టిన వలస కాగితాలు ఏళ్ళూ పూళ్ళూ నానబెట్టి మంజూరయ్యేసరికి ఆయన జుట్టు నెరిసింది. ఆ వయసులో, ఆ ఇంగ్లిష్‌తో, లెక్కలు చెప్పే ఉద్యోగం ఎవరిస్తారు? రాత్రిపూట లాటరీ టికెట్ల లెక్క ఒక్క సెంటు తేడా లేకుండా తేల్చే మనిషి దొరికాడని కొట్టు యజమాని మాత్రం సంబరపడ్డాడు.

ఒక వానరాత్రి నా బడిలోనే చదివే నలుగురైదుగురు కుర్రాళ్ళు చిప్సు, సోడాలు కొనడానికి వచ్చారు. నేను క్రేటు మీద తల వంచుకుని కూర్చున్నాను కాబట్టి వాళ్ళకు కనబడలేదు. డబ్బులిచ్చి వెళుతూ తలుపు దగ్గర ఆగారు. ధన్యవాదాలు, మళ్ళీ రండి అని అపు ఎప్పుడూ అనే ఆ ఇంగ్లిష్ మాటను, అచ్చం అపు గొంతులో, సాగదీసి అన్నారు. నాన్న నవ్వి, చేయి ఊపి, తనూ అదే మాట తిరిగి చెప్పారు. మనస్ఫూర్తిగా చెప్పారు. ఉద్యోగంలో చేరిన రోజు యజమాని నేర్పిన మొదటి మర్యాద అదే మరి. ఆయన నోటి నుంచి అది వాళ్ళు ఆశించిన యాసలోనే వచ్చింది. తలుపు మూసుకునే దాకా కూడా ఆగకుండా పగలబడి నవ్వారు.

“మంచి పిల్లలురా, పోతూ పోతూ పలకరించి పోతున్నారు,” అన్నారు నాన్న.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకు అపు అంటే ఎవరో తెలియదు. సిగరెట్ల అర పైన చిన్న టీవీ ఒకటి ఉండేది, ఆయనకు అందులో వార్తలే కావాలి. సింప్సన్స్ పాత ఎపిసోడ్లు సాయంత్రాలు మళ్ళీ మళ్ళీ వేసేవారు. అపు ఉద్యోగం పోగొట్టుకునే 1994 నాటి ఎపిసోడ్ వేసిన రోజు, బేరాలు పలచబడ్డ సమయం చూసి, నాన్నను టీవీ ముందు నిలబెట్టాను. ఈ మనిషి గొంతుతోనే మిమ్మల్ని వెక్కిరించి పోతున్నారు, చూడండి అన్నాను.

ఆయన చేతులు కట్టుకుని, జవాబు పత్రం దిద్దుతున్నట్టు చూశారు. అపు గడువు దాటిన మాంసాన్ని పారేయకుండా ధర తగ్గించి హోమర్‌కు అంటగడతాడు, హోమర్ ఆసుపత్రి పాలవుతాడు. నాన్న ముఖం ఎర్రబడింది. నేను ఎదురుచూసిన కోపం వచ్చిందనుకున్నాను.

“గడువు దాటింది అమ్ముతాడా? మనం పాలు ఒకరోజు ముందే తీసేస్తాం కదా! వీణ్ణి చూసి జనం కొట్లన్నీ ఇలాగే ఉంటాయనుకోరూ?”

ఆ కోపం యాస మీద కాదు, రంగు మీద కాదు, సరుకు మీద. టీవీలో వస్తున్నది ఇండియా వాళ్ళకు అవమానమని నేను చూపిస్తే, అది కొట్టు నడిపేవాళ్ళకు అవమానమని ఆయన చదువుకున్నారు. తరువాత కొంతసేపటికి హోమర్, అపు ఇండియా వెళ్ళి, అపు పనిచేసిన కొట్ల సంస్థకు అధిపతి అయి కొండ మీద కూర్చున్న మనిషిని కలుస్తారు. మూడే మూడు ప్రశ్నలు అడగవచ్చంటాడాయన. నువ్వేనా అధిపతివి, నిజంగానా, నువ్వా అని హోమర్ ఆ మూడూ తగలేస్తాడు. నాన్న గల్లా మీద చెయ్యి కొట్టి కొట్టి నవ్వారు. పెద్ద అధికారి తనిఖీకి వచ్చినప్పుడు వాళ్ళ ప్రిన్సిపాలు కూడా అచ్చం ఇలాగే చేశాడట. కళ్ళు తుడుచుకుంటూ ఆ కథ చెప్పడం మొదలుపెట్టారు, బేరం వచ్చినా ఆపలేదు.

మరి ఆ యాస సంగతేమిటి అని నేను పట్టుబట్టాను. “వాడిది ఏ ఊరు?” అని అడిగారు. బెంగాల్ అట అన్నాను. “పేరు దక్షిణాదిలా ఉంది, ఊరు బెంగాల్, మాట ఏ జిల్లాదీ కాదు. తెలియనివాడు గీసిన బొమ్మ, దానికి నువ్వెందుకు ఉడుక్కోవడం?” అన్నారు. నేను ఉడుక్కుంటూనే ఉన్నాను, ఇప్పటికీ ఉడుకుతూనే ఉన్నాను. రేపు బడికి వెళ్ళాల్సింది నేను, ఆయన కాదు.

మిశ్రమ స్పందన అంటే ఏమిటో నాకు ఆ రాత్రే తెలిసింది. ఒకే మనిషి ఒకే ఎపిసోడ్‌కు మండిపడ్డాడు, కడుపుబ్బ నవ్వాడు, చివరికి భుజాలు ఎగరేశాడు. పక్కనే కూర్చున్న కొడుక్కి ఆ మూడింటిలో ఏదీ సరిపోలేదు. పత్రికలవాళ్ళు అభిమానులు రెండు వర్గాలుగా చీలారని రాస్తే నాకు నవ్వొస్తుంది. మా ఇంట్లో ఇద్దరమే ఉన్న గదిలో నాలుగు అభిప్రాయాలు ఉండేవి.

2018 ఎపిసోడ్ వచ్చిన మర్నాడు మా బంధువుల వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనబావ, “ఇది మోటళ్ళు, బంకులు నడిపేవాళ్ళ గొడవ. మనకెందుకు?” అని పెట్టాడు. వాళ్ళ చెల్లెలు, అక్కడే పుట్టి పెరిగిన మనిషి, అన్నయ్యను దులిపి వదిలిపెట్టింది. విజయవాడలో ఉన్న పెదనాన్న, “అపు ఎవరమ్మా? మన అప్పారావు కొడుకా?” అని అడిగారు. ఇండియాలో ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఈ వివాదమంటూ ఒకటి ఉందని కూడా తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు, వాళ్ళను బడి బస్సులో ఆ గొంతుతో ఎవరూ పిలవలేదు.

మా బావ మాట మాత్రం నాలో చాలాకాలం ఉండిపోయింది, ఎందుకంటే అది కొత్త మాట కాదు. నా చిన్నప్పుడు ఆదివారం భోజనాలకు ఎవరింటికైనా వెళితే మగవాళ్ళంతా ఒకచోట చేరి వీసాల గురించి, ప్రాజెక్టుల గురించి మాట్లాడుకునేవారు. మధ్యలో ఎవరో ఒకరు నాన్న వైపు తిరిగి, “మాస్టారూ, ఇంకా బంకులోనేనా?” అని అడిగేవారు. జాలి చూపిస్తున్నామనే అనుకునేవారు. నాన్న అవునండీ అని పులిహోర వడ్డించుకునేవారు. నన్నడిగితే, అపును చూసి సిగ్గుపడ్డ మనవాళ్ళలో సగం మందికి బాధ పెట్టింది యాస కాదు, గల్లా. తమను కూడా కొట్టువాళ్ళ జాబితాలో కలిపేస్తారేమో అని. అపు డాక్టరేటు కోసం అమెరికా వచ్చిన కంప్యూటర్ చదువరి అని కథలోనే ఉంది, కావాలంటే చూసుకోండి. అతను ఏ ప్రయోగశాలలోనో కూర్చుని అదే యాస మాట్లాడి ఉంటే మా ఆదివారం భోజనాల బృందం ఇంత ఇబ్బంది పడేది కాదని పందెం కడతాను.

పనిలో పనిగా ఇంకో మాట. హాలీవుడ్ మన యాసను వెక్కిరించిందని గుండెలు బాదుకునేవాళ్ళు కాస్త మన సినిమాల వైపు కూడా చూడాలి. వడ్డీ లెక్కలు చెబుతూ వంకర తెలుగు మాట్లాడే మార్వాడీ సేటు ఎన్ని సినిమాల్లో లేడు? టీ కొట్టు మలయాళీ? ‘అయ్యయ్యో’ అనకుండా ఒక్క వాక్యం పూర్తి చేయని తమిళ వంటాయన? తెలంగాణ మాటను ఏళ్ళ తరబడి రౌడీలకూ పనివాళ్ళకూ కట్టబెట్టి హీరోకు మాత్రం ఇవ్వని పరిశ్రమ ఎవరిది? హైదరాబాదులో ఆ సేటు కొడుకు కూడా నాలాగే ఏ బల్ల వెనకో కూర్చుని చదువుకుని ఉంటాడు. వాడి డాక్యుమెంటరీ ఇంకా రాలేదు, అంతే తేడా.

సరే, ప్రశ్నకు వద్దాం. ఆ 2018 ఎపిసోడ్ తరువాత ఏం జరిగిందో చూస్తే చీలిక ఎందుకు మానలేదో తెలుస్తుంది. 2020 జనవరిలో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు. ఆ జూన్‌లో, తెల్లజాతి కాని పాత్రలకు ఇకపై తెల్లజాతి నటులు గొంతునివ్వరని ఆ కార్యక్రమం ప్రకటించింది. 2021లో అజారియా క్షమాపణ కూడా చెప్పాడు, అది మొక్కుబడి మాటలా అనిపించలేదు నాకు. ఇంతవరకూ బాగానే ఉంది. నల్లజాతి పాత్ర కార్ల్‌కు అలెక్స్ డెసర్ట్ గొంతు వచ్చింది. డాక్టర్ హిబర్ట్‌కు కెవిన్ మైకేల్ రిచర్డ్‌సన్ గొంతు వచ్చింది. మరి అపుకు? ఎవరూ రాలేదు. గుంపు సన్నివేశాల్లో ఒక మూల నిలబడి ఉంటాడు, నోరు తెరవడు. పాత్రను తీసేయమని హరి ఎన్నడూ అడగలేదు. మనిషిలా రాయండి అన్నాడు. వాళ్ళు మూగవాణ్ణి చేశారు. న్యూయార్క్‌లో, లాస్ ఏంజెలెస్‌లో వీధికొక దక్షిణాసియా నటుడు ఉన్నాడు, ఇంగ్లిష్‌ను ఏ జిల్లా యాసలో కావాలంటే ఆ జిల్లా యాసలో మాట్లాడతాడు. ఒక్కరూ దొరకలేదంటే నేను నమ్మను. వెక్కిరింత కన్నా ఈ మౌనమే నాకు ఎక్కువ అవమానంగా ఉంది. నాన్నకు ఫోన్లో ఈ సంగతంతా చెబితే ఆయన విని, “మరి కొట్టు ఎవరు చూసుకుంటున్నారు?” అని అడిగారు.

చూడదగ్గదేనా అన్నారు కాబట్టి: ఆ ఎపిసోడ్ చూడకండి, ఆ ఒక్క నిమిషం ముక్క ఎక్కడైనా దొరుకుతుంది, అది చాలు. దాని బదులు 1996 మే నెలలో వచ్చింది చూడండి. అక్రమ వలసదారులను వెళ్ళగొట్టే ప్రతిపాదన మీద ఊళ్ళో ఓటింగు పెడతారు, అపు పౌరసత్వ పరీక్షకు కూర్చుంటాడు. అమెరికా అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగితే ఒక్కొక్క కారణమే విడదీసి వివరించబోతాడు. ఊరికే బానిసత్వమని చెప్పి ఊరుకోమంటాడు పరీక్షాధికారి. యాస అందులోనూ ఉంది, అజారియాదే. అయినా ఆ ఇరవై నిమిషాలు అపు వైపు నిలబడి రాసినవాళ్ళున్నారు. పిల్లలతో కలిసి చూస్తే మధ్యలో ఆపి రెండు మాటలు చెప్పాల్సి వస్తుంది, దానికి సిద్ధపడి కూర్చోండి.